ఐదేళ్లు దాటిన పిల్లలకు థీమ్ పార్కులో స్ట్రాలర్ కావాలా: బయలుదేరే ముందే తేల్చుకోవడం ఎలా

దసరా సెలవులకో వేసవి సెలవులకో పిల్లలను వండర్‌లాకు, రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామనుకున్నప్పుడు, మూడేళ్ల లోపు పిల్లల విషయంలో ఎవరూ తర్జనభర్జన పడరు. స్ట్రాలర్, అంటే పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి, మడిచి కారు డిక్కీలో పెట్టుకుంటారు. చిక్కంతా ఐదు, ఆరు, ఏడేళ్ల వాళ్ల దగ్గరే వస్తుంది. బడిలో పొద్దస్తమానం ఉరికే పిల్లవాడే పార్కులో మధ్యాహ్నం రెండు దాటగానే రెండు చేతులూ పైకి చాపి ఎత్తుకొమ్మంటాడు. అలాగని స్ట్రాలర్ బయటికి తీస్తే, "గంత పెద్ద పొల్లగానికి బండేందిరా?" అని నాయనమ్మ నవ్వుతుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

వయసును బట్టి దీన్ని తేల్చలేమని నా అభిప్రాయం. పిల్లవాడి కాళ్లు ఏ వేళకు మొరాయిస్తాయి, మీ రోజు ఏ వేళకు ముగుస్తుంది అన్న రెండింటి మధ్య ఎంత ఎడం ఉందో చూడాలి. ఆ ఎడం గంట లోపైతే కాసేపు ఎత్తుకుని, కాసేపు నీడన కూర్చోబెట్టి నెట్టుకురావచ్చు. మూడు నాలుగు గంటలైతే మాత్రం, వయసు ఎంతైనా, చక్రాల మీద ఒక సీటు ఉండటమే మేలు. ఆ ఎడాన్ని ఇంట్లో కూర్చునే అంచనా వేసుకోవడానికి కింది పనులు వరుసగా చేయండి.

1. వెళ్లే చోటు ఎలాంటిదో ముందుగా తెలుసుకోండి

పార్కులన్నీ ఒకే తీరుగా అలసటను తెచ్చిపెట్టవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర 2016లో ప్రారంభమైన వండర్‌లాలో నడక మరీ ఎక్కువ కాదు, నిలబడటం ఎక్కువ. పెద్ద రైడ్లలో చాలావాటికి కనీస ఎత్తు 140 సెంటీమీటర్లు ఉండాలి కాబట్టి, ఆరేళ్ల పిల్లవాడు అన్నలూ బావలూ ఎక్కి దిగేదాకా కింద నిలబడి చూస్తూ ఉండవలసి వస్తుంది. ఆపై నీటి రైడ్ల భాగంలోకి వెళ్లిన తర్వాత తడి బట్టలతో, మెట్లు ఎక్కుతూ దిగుతూ గడుస్తుంది, అక్కడ స్ట్రాలర్‌తో పనిలేదు. కనుక వండర్‌లాకు ఐదేళ్లు దాటిన పిల్లవాడితో వెళ్తుంటే స్ట్రాలర్ కన్నా, చిన్నవాడితో పాటు కూర్చుని ఉండే ఒక పెద్దమనిషి ఎక్కువ అవసరం.

65వ జాతీయ రహదారి మీద, నల్లగొండ నుంచి వెళ్లేవారికి హైదరాబాద్‌కు ముందే తగిలే రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. అది 1,600 ఎకరాలు దాటిన ఆవరణ. అంత దూరం నడిపించరు. సందర్శకులను బస్సుల్లో ఒక చోటి నుంచి మరో చోటికి తిప్పుతారు. అంటే స్ట్రాలర్ తీసుకెళ్తే బస్సు ఎక్కే ప్రతిసారీ పిల్లవాడిని దించడం, బండి మడవడం, దిగాక మళ్లీ విప్పడం తప్పదు. ఒక చేత్తో మడవడానికి వీలుపడని బరువైన స్ట్రాలర్ అయితే అక్కడ అది పిల్లవాడి కన్నా పెద్ద బరువవుతుంది. మరోవైపు బస్సుల్లో కూర్చునే సమయమే పిల్లల కాళ్లకు విశ్రాంతి కాబట్టి, ఆరేళ్ల వాళ్లు చాలామంది అక్కడ స్ట్రాలర్ లేకుండానే నెట్టుకొస్తారు.

స్ట్రాలర్ నిజంగా పనికొచ్చేది హైదరాబాద్‌లోని నెహ్రూ జూ పార్కు లాంటి చోట. అది థీమ్ పార్కు కాకపోయినా మన వైపు పిల్లల యాత్రలో సాధారణంగా అదీ ఉంటుంది. 380 ఎకరాల ఆవరణ, చదునైన రోడ్లు, చెట్ల నీడ, ఒక జంతువు దగ్గరి నుంచి మరోదాని దగ్గరికి సాగే నడక. బ్యాటరీ వాహనాలు ఉన్నా, పిల్లలు కోరుకున్న చోటల్లా ఆగడం వాటితో కుదరదు. సోమవారం జూకు సెలవు.

అమెరికాలో కొడుకో కూతురో స్థిరపడిన ఇళ్లు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తక్కువేమీ కావు కాబట్టి, ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ గురించి కూడా చెప్పాలి. అక్కడ ఒక్క రోజులో పది కిలోమీటర్లు దాటి నడవడం మామూలు సంగతి. ఎప్‌కాట్ పార్కులో చెరువు చుట్టూ దేశాల మండపాలు చూస్తూ ఒక్క చుట్టు తిరిగితేనే రెండు కిలోమీటర్ల దాకా అవుతుంది. పెద్దవాళ్లు పది కిలోమీటర్లకు వేసే అడుగులు పద్నాలుగు వేల చుట్టూ ఉంటే, ఐదేళ్ల పిల్లవాడికి అవి ఇరవై వేలు దాటుతాయి. అక్కడ ఆరేడేళ్ల పిల్లలు స్ట్రాలర్‌లో కూర్చుని ఉండటం ఎవరికీ వింతగా అనిపించదు. మన ఊరి నుంచి వెళ్లిన తాతా నాయనమ్మలకు మాత్రమే మొదటి రోజు కొంచెం విడ్డూరంగా ఉంటుంది. రెండో రోజు వాళ్లే తోస్తారు.

2. పిల్లవాడిని తూచండి, సీటులో కూర్చోబెట్టి చూడండి

ఇది చాలామంది వదిలేసే పని. ఇంట్లో పాత స్ట్రాలర్ ఉంది కదా అని తీసుకెళ్తారు, దాని అడుగున అతికించిన చీటీ మీద ఉన్న బరువు పరిమితిని చదవరు. మన మార్కెట్లో దొరికే తేలికపాటి మడత స్ట్రాలర్లలో చాలావాటి పరిమితి 15 కిలోలే. ఐరోపా ప్రమాణాల్లోనూ 15 కిలోల వరకు ఒక భాగం, ఆపై 22 కిలోల వరకు మరో భాగం ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో నాలుగేళ్ల పిల్లల మధ్యస్థ బరువు 16 కిలోలు, ఐదేళ్లకు 18 కిలోలు దాటుతుంది, ఏడేళ్లకు 22 దాటుతుంది. మన పిల్లలు కొందరు అంతకంటే తేలికగా ఉంటారు, కాబట్టి పట్టిక చూసి కాకుండా కాటా చూసి చెప్పుకోవాలి. కాటా ఇంట్లో లేకపోతే కిరాణా దుకాణంలోనో అంగన్‌వాడీలోనో తూచవచ్చు. పెద్ద కాటా మీద మీరు ఒక్కరే ఒకసారి, పిల్లవాడిని ఎత్తుకుని మరోసారి నిలబడి తేడా తీసుకుంటే సరిపోతుంది.

పరిమితి దాటిన స్ట్రాలర్ వెంటనే విరగదు, అదే దానితో వచ్చే చిక్కు. ముందు చక్రాలు పక్కకు లాగుతాయి, మడత తాళం సడలుతుంది, వాలులో బ్రేకు నిలవదు. ఆ తర్వాత సీటులో కూర్చోబెట్టి చూడండి. మోకాళ్లు ఛాతీకి తగిలేటంతగా ముడుచుకుంటున్నాయా, పాదాలు ఆనుడు పలక దాటి నేలకు తగులుతున్నాయా, తల పైకప్పును ఒరుసుకుంటోందా అన్నవి గమనించండి. పాదాలు నేలకు తగిలే పిల్లవాడు బండి కదులుతుండగా చెప్పును నేల మీద రాస్తూ ఆడుకుంటాడు. ఒక్కోసారి ఆ చెప్పు ముందు చక్రం కిందికి పోతుంది. పాదాలు పలక మీద నిలవకపోతే ఆ స్ట్రాలర్ ఆ పిల్లవాడిది కాదు, బరువు ఎంత తక్కువైనా సరే.

3. ఊళ్లోనే ఒకసారి నడిపించి చూడండి

కురుమూర్తి జాతరలోనో, చెర్వుగట్టు మీదనో, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు దగ్గరనో మీ పిల్లవాడు బాగానే తిరిగాడని మీకు గుర్తుండవచ్చు. ఆ లెక్క పార్కుకు పనికిరాదు. జాతరలో చెట్టు కింద చాప పరుస్తారు, వంట అవుతుంది, పిల్లలు కాసేపు పడుకుంటారు, మళ్లీ లేచి రంగులరాట్నం దగ్గరికి ఉరుకుతారు. పార్కులో మాత్రం మనిషికి ఇంతని టికెట్టు కొన్నాం కదా, అన్నీ చూసి తీరాలన్న తొందర పెద్దవాళ్లను తోస్తుంది. ఆ తొందరలో పిల్లలకు విశ్రాంతి దొరకదు.

అందుకని బయలుదేరడానికి వారం పది రోజుల ముందు, ఒక ఆదివారం పరీక్ష పెట్టండి. నల్లగొండలో ఎన్జీ కాలేజీ మైదానం అయినా, మహబూబ్‌నగర్‌లో మయూరి పార్కు దారులు అయినా, మీ ఊరి చెరువు కట్ట అయినా ఫర్వాలేదు. పొద్దున గంటన్నర నడిపించండి, మధ్యలో ఆటలాడనివ్వండి, ఒక చోట క్యూలో ఉన్నట్టు ఇరవై నిమిషాలు నిలబెట్టండి. ఇంటికి వచ్చి తిన్నాక సాయంత్రం మళ్లీ ఓ గంటన్నర తిప్పండి. సాయంత్రపు నడకే అసలు పరీక్ష. పొద్దున ఏ పిల్లవాడైనా ఉషారుగానే ఉంటాడు.

గమనించవలసిన గుర్తులు మాటల్లో కనపడవు. "కాళ్లు నొస్తున్నయ్" అని చెప్పడానికి చాలాముందే పిల్లవాడు చెప్పుల ముందు భాగాన్ని నేలకు రాస్తూ నడవడం మొదలుపెడతాడు, చేయి పట్టుకుంటే బరువంతా మీ చేతి మీద వేస్తాడు, ఊరికే తమ్ముడితో కొట్లాటకు దిగుతాడు, చిన్న గట్టు కనపడగానే కూర్చుంటాడు. ఇవి మొదలైన సమయాన్ని ఫోనులో రాసిపెట్టుకోండి. సాయంత్రం నడకలో మొదటి అరగంటలోనే ఇవి కనపడ్డాయంటే పార్కులో మధ్యాహ్నం తర్వాత ఇబ్బంది తప్పదు. చివరి దాకా కనపడకపోతే, స్ట్రాలర్ గురించి ఇక ఆలోచించవద్దు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చూడాలి. మధ్యాహ్నం నిద్ర ఇంకా మానని ఐదేళ్ల పిల్లవాడికి, కాళ్లలో సత్తువ ఎంతున్నా, ఆ వేళకు పడుకోవడానికి ఒక చోటు కావాలి. నిద్రపోయిన ఇరవై కిలోలు మెలకువగా ఉన్న ఇరవై కిలోల కన్నా చాలా బరువు.

4. ఆ రోజు మొత్తం ఎన్ని గంటలో లెక్కవేయండి

రోజు పార్కు గేటు దగ్గర మొదలుకాదు. గద్వాల, వనపర్తి, అచ్చంపేట, దేవరకొండ, మిర్యాలగూడ నుంచి బయలుదేరేవారు తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో పిల్లలను లేపుతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల నుంచి కూడా రెండు గంటల ప్రయాణం ఉంటుంది. కాబట్టి పార్కు తెరిచే వేళకే పిల్లవాడు లేచి ఐదారు గంటలు గడిచిపోతాయి. హైదరాబాద్‌లో చుట్టాల ఇంట్లో ముందు రాత్రి పడుకుని పొద్దున వెళ్లే పిల్లవాడికీ, ఇలా వచ్చిన పిల్లవాడికీ మధ్యాహ్నం నాటికి చాలా తేడా కనపడుతుంది. ముందు రాత్రి అక్కడే ఉండే వీలుంటే స్ట్రాలర్ అవసరం సగం తగ్గిపోతుందని చెప్పవచ్చు.

ఎండ మరో లెక్క. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, హైదరాబాద్ చుట్టుపక్కలా అంత తేడా ఉండదు. అలాంటి రోజుల్లో స్ట్రాలర్ నీడనిస్తుందని చాలామంది నమ్ముతారు. పైకప్పు వరకు ఇస్తుంది, నిజమే. కానీ కూర్చున్న పిల్లవాడు వేడెక్కిన నేలకు దగ్గరగా ఉంటాడు, పైగా ఎండ తగలకూడదని చున్నీయో దుప్పటో కప్పితే లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. వేసవిలో వెళ్లవలసి వస్తే పన్నెండు నుంచి మూడున్నర దాకా ఎక్కడో ఒక నీడ పట్టున, వీలైతే ఏసీ ఉన్న ప్రదర్శన దగ్గర గడపాలి, స్ట్రాలర్ ఉన్నా లేకపోయినా. దప్పిక లేదన్నా గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగిస్తూ ఉండండి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు సంచిలో పెట్టుకోండి.

5. దారిలో బండి ఎక్కడ పెడతారో చూడండి

సొంత కారులో వెళ్లేవారికి ఇది పెద్ద పని కాదు, డిక్కీలో మిగతా సామానుతో పాటు పడుతుందో లేదో ముందు రాత్రే పెట్టి చూస్తే చాలు. ఆర్టీసీ బస్సులో వెళ్లేవారు మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. సెలవుల్లో కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో ఒక చంకన పిల్ల, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో మడిచిన స్ట్రాలర్‌తో ఎక్కడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. గొడుగులా పొడుగ్గా మడత పడే రకమైతే సీటు పక్కన నిలబెట్టవచ్చు. చదునుగా మడత పడే వెడల్పు రకం దారికి అడ్డం వస్తుంది. జీపులోనో తుఫాన్ వాహనంలోనో పన్నెండు మంది కలిసి వెళ్తుంటే, స్ట్రాలర్‌ను కప్పు మీద కట్టించుకోవడం నయం.

6. ఇక తేల్చండి

నడక పరీక్షలో సాయంత్రం తొందరగా అలసిపోయాడు, బరువు పరిమితి లోపల ఉన్నాడు, వెళ్లేది ఎక్కువ నడక ఉన్న చోటు: తీసుకెళ్లండి, ఎవరేమన్నా పట్టించుకోవద్దు. బాగా నడిచాడు, వెళ్లేది వండర్‌లా లేదా రామోజీ: ఇంట్లో వదిలేయండి. మధ్యస్థంగా ఉంటే, వెంట ఎవరు వస్తున్నారో చూసి తేల్చండి. ఇద్దరు ముగ్గురు మామయ్యలో బాబాయిలో ఉంటే వంతులవారీగా భుజాల మీద కూర్చోబెట్టుకుంటారు. అమ్మ ఒక్కతే ఇద్దరు పిల్లలతో, మోకాళ్ల నొప్పుల అత్తమ్మతో వెళ్తుంటే స్ట్రాలర్ ఉండాల్సిందే.

ఇంట్లో రెండేళ్ల తమ్ముడో చెల్లెలో ఉంటే ఎలాగూ స్ట్రాలర్ వస్తుంది. అప్పుడు పెద్దవాడి కోసం, దాని వెనుక బిగించి నిలబడే పలక ఒకటి దొరుకుతుంది. కొన్ని గంటలకు అదే చాలు. దానికీ బరువు పరిమితి ఉంటుంది, సాధారణంగా 20 కిలోల చుట్టూ. రెండు సీట్ల బండి మాత్రం మన పార్కుల ఇరుకు దారుల్లో తలనొప్పి.

ఒక్క రోజు కోసం కొత్తది కొనకండి. పక్కింట్లో, చుట్టాల్లో ఎవరి దగ్గరో ఒకటి అటక మీద ఉండే ఉంటుంది. తెచ్చి చక్రాలు, బ్రేకు, బెల్టు చూసుకోండి. పార్కులో అద్దెకు ఇస్తారో లేదో టికెట్టు కొనేటప్పుడే ఫోను చేసి అడగండి, ఇస్తామంటే ఎంత బరువు దాకా అని కూడా అడగండి. డిస్నీ వరల్డ్‌లో అద్దెకిచ్చే ఒంటి సీటు బండి దాదాపు 23 కిలోల వరకు మోస్తుంది, అది గట్టి ప్లాస్టిక్ సీటు, నిద్రకు అంత సుఖం కాదు. సొంతది తీసుకెళ్తే వెడల్పు 79, పొడవు 132 సెంటీమీటర్లు దాటకూడదు. 2019 మే నుంచి వ్యాగన్ తరహా బండ్లను అసలే అనుమతించడం లేదు.

నడవడంలోనో, సమ్మర్దాన్ని తట్టుకోవడంలోనో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో ఈ పరీక్షలేవీ వర్తించవు. ఆటిజం, ఆస్తమా, గుండె సమస్య, కండరాల బలహీనత ఉన్న పిల్లలకు పదేళ్లైనా సరే చక్రాల సీటు అవసరం కావచ్చు, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. వైద్యుడి చీటీ, సదరం (వైకల్య) ధ్రువపత్రం ఉంటే వెంట ఉంచుకుని, చక్రాల కుర్చీ గురించి పార్కు వాళ్లతో ముందే మాట్లాడండి. డిస్నీలో అతిథుల సహాయ కేంద్రం దగ్గర అడిగితే స్ట్రాలర్‌ను చక్రాల కుర్చీతో సమానంగా చూసే చీటీ కట్టి ఇస్తారు, అప్పుడు దాన్ని క్యూలోకి కూడా తీసుకెళ్లవచ్చు.

7. తీసుకెళ్లేటట్లయితే పాటించవలసినవి

పెద్ద పిల్లవాడి స్ట్రాలర్ ఎక్కువగా తిరగబడేది పిల్లవాడు దిగినప్పుడు. నీళ్ల సీసాలు, టవళ్లు, సద్ది డబ్బాలు ఉన్న బరువైన సంచిని తోసే పిడికి తగిలిస్తారు; ముందున్న ఇరవై కిలోలు ఉన్నంతసేపూ బండి నిలకడగా ఉంటుంది. పిల్లవాడు ఉషారుగా ముందుకు దూకగానే వెనుక బరువుకు ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి వెల్లకిలా పడుతుంది. వెనుక ఎవరైనా చంటిపిల్లతో నిలబడి ఉంటే దెబ్బ వాళ్లకు తగులుతుంది. కాబట్టి సంచిని సీటు కింది బుట్టలో పెట్టండి, లేదా మీ భుజాన వేసుకోండి. బెల్టు పెద్ద పిల్లలకూ పెట్టాలి. ఎస్కలేటర్ మీదికి ఎక్కించకండి; లిఫ్టు లేకపోతే పిల్లవాడిని దించి, మడిచి తీసుకెళ్లండి.

రైడ్ల క్యూలోకి బండిని రానివ్వరు, బయట వరుసగా నిలపాలి. డబ్బు, ఫోను, టికెట్లు అందులో వదలవద్దు. గుర్తుకు ఎర్ర గుడ్డో రిబ్బనో కట్టండి, ఎందుకంటే ఒకే రకం బండ్లు పక్కపక్కన చాలా ఉంటాయి. డిస్నీలో సిబ్బంది వాటిని సర్దుతూ పక్కకు జరుపుతారు, వదిలిన చోట కనపడలేదని కంగారు పడకండి. అక్కడే పిల్లవాడు నిద్రపోతే ఒకరు కాపలా ఉండి, రెండో వారు రైడ్ ఎక్కి వచ్చాక మళ్లీ క్యూలో నిలబడకుండా వంతు మార్చుకునే పద్ధతి ఉంది, క్యూ మొదట్లోనే అడగాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఓర్లాండోలో ఉరుములతో వాన పడుతుంది, ప్లాస్టిక్ కవరు వెంట ఉంచుకోండి.

పిల్లవాడిని పొద్దుటి నుంచే కూర్చోబెట్టకండి. మధ్యాహ్నం దాకా సామాన్లకు వాడి, నడవగలిగినంత నడిపించి, అలసినప్పుడే కూర్చోమనండి. కూర్చోవడానికి సిగ్గుపడే పిల్లలకు, తమ్ముడి సామాను చూసుకునే పని అప్పగించి ఎక్కించినా మొహమాటం పోతుంది.

8. తీసుకెళ్లనట్లయితే

విశ్రాంతిని ముందుగా గంటల్లో రాసుకోండి: ప్రతి గంటన్నరకు పావుగంట కూర్చోవడం, మధ్యాహ్నం భోజనం తర్వాత కనీసం గంట. కొత్త చెప్పులు ఆ రోజుకు వేయకండి, వారం ముందు నుంచే తొడిగి అరిగించిన బూట్లు నయం. చిన్నవాడికి ఇష్టమైన వాటిని పొద్దుటే చూపించి, పెద్దవాళ్ల రైడ్లను తర్వాతకు పెట్టుకోండి. తప్పిపోతే ఎక్కడికి రావాలో ఒక గుర్తు చూపించి, మీ ఫోను నంబరు చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టండి.

రోజు చివర్లో గేటు నుంచి పార్కింగు దాకా, లేదా రోడ్డు మీద బస్సు ఎక్కే చోటు దాకా మిగిలే నడకను లెక్కలోకి తీసుకోండి. అలసిన పిల్లలు ఎక్కువగా మొండికేసేది ఆ దారిలోనే కాబట్టి, చివరి రైడ్‌ను గేటుకు దగ్గరగా ఉన్నదాన్ని చూసుకుని, కారు ఉన్నవారు ఒకరిని పది నిమిషాల ముందే పంపి వాహనాన్ని గేటు దగ్గరికి తెప్పించుకోండి.